అవ్వ కడిగిన అనుములు

మా మనవరాలు మిద్దె మీద కూరగాయలు పెంచుతోంది. సంచుల్లో మట్టి, వంటింటి తొక్కలు కుళ్ళబెట్టిన ఎరువు, పురుగు కనిపిస్తే పుల్లమజ్జిగ. "మందుల్లేని తిండి అవ్వా, ఎంత ఆరోగ్యమో!" అని తనే కనిపెట్టినట్టు చెబుతుంటే నాకు నవ్వొస్తుంది. పోనీలే, సంతోషపడనీ అని ఊరుకుంటాను.

మొన్న ఆదోని బజారులో కొన్న చిక్కుడు విత్తనాల పొట్లం విప్పి చూపించింది. గింజలన్నిటికీ ముదురు గులాబీ రంగు పట్టించి ఉంది. పక్కింటి పసివాడు ఒక గింజ తీసి నోటి దాకా తీసుకుపోయాడు. ఆ తర్వాత నేనేం చేశానో నాకే తెలియదు. వాడి చెయ్యి పట్టి గుంజాను, వాడు గుక్కపట్టి ఏడ్చాడు, గింజలు మిద్దెంతా దొర్లిపోయాయి. "ఒక్క గింజకి ఇంత గోల ఏంటవ్వా?" అని మనవరాలు విసుక్కుంది. దానికి జవాబు చెప్పాలంటే మా చిన్నాయన కూతురి గురించి చెప్పాలి. ఇన్నేళ్ళూ చెప్పలేదు. చెప్పడానికి వీల్లేని వాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు కాబట్టి చెబుతున్నాను.

మాది ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, బండిబాట పట్టి లోపలికి పోతే వచ్చే ఊరు. నల్లరేగడి చేలు, మట్టిమిద్దెలు. వానొస్తే కాలు పీక్కోలేని బురద, రాకపోతే నెర్రెలు విచ్చిన నేల. మా నాయన, చిన్నాయన ఒకే ఇంట్లో ఉండేవారు. ఇంటికి పెద్ద మా అవ్వ. అవ్వకు పెద్దది ఆమె దొడ్డి.

ఇంటి వెనక ముళ్ళకంప నాటిన ఆ దొడ్డిలో అవ్వ పండించని కూర లేదు. బీర, సొర, చిక్కుడు, మిరప, పుంటికూర, కంప మీదికి పాకించిన అనపతీగలు. బావి నుంచి మోసిన నీళ్ళు వాటికి పోసే భోగం మాకు లేదు. అంట్లు తోమిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, మా పిల్లల స్నానం నీళ్ళు, అన్నీ చిన్న కాలువ కట్టి మొక్కల మొదళ్ళకు పారించేది. గొర్రెపెంటికలు ఎరువు. పురుగు పడితే వేపగింజలు దంచి నానేసిన నీళ్ళు. పేనుబంక పడితే పిడకల బూడిద, అదీ పొద్దున్నే ఆకు మీద మంచు ఆరకముందే చల్లాలి, అప్పుడే అంటుకుంటుంది. తెల్లారేసరికి ఒళ్ళంతా బూడిదతో అవ్వ తీగల మధ్య నుంచి బయటికి వస్తుంటే కొత్తవాళ్ళు ఝడుసుకునేవాళ్ళు. ఆ తడి బూడిద వాసన, నలిగిన వేపగింజల చేదు వాసన, కింద ఎక్కడో గుమ్మడిపువ్వు వాసన, ఇవన్నీ కలిస్తే మా అవ్వ.

చిన్నాయన కూతురు నా కంటే చాలా చిన్నది. ఇంకా బడికి పోయే ఈడు రాలేదు. అందరం బుడ్డది అనేవాళ్ళం. పొద్దస్తమానం అవ్వ కొంగు పట్టుకుని దొడ్డిలోనే ఉండేది. పిందెలు దొంగిలించడంలో మా ఇద్దరికీ పేరు. నేను కోసేదాన్ని, అది మింగేది, దెబ్బలు మాత్రం నాకు.

పిందెను వేలు చాచి చూపిస్తే కుళ్ళిపోతుందని మా వైపు నమ్మకం. చూపించాలంటే వేలు మడిచి చూపించాలి. ఒకరోజు బుడ్డది లేత సొరపిందె దగ్గర నిలబడి, అవ్వ వద్దంటున్న కొద్దీ వేలు చాచి, "అదో, అదో" అని నవ్వింది. అవ్వ దాని వేలు పట్టుకుని మెల్లిగా కొరికి వదిలింది, దోషం పోవడానికి. అయినా ఆ పిందె నాలుగు రోజుల్లో నల్లబడి రాలింది. అవ్వ ఆ రోజంతా బుడ్డదాన్ని చంక దింపలేదు. ఎందుకో తెలియని భయం ఆమె ముఖంలో చూడ్డం నాకదే మొదలు.

విత్తనాల దగ్గర అవ్వ ఇంకో మనిషి. బీర, సొర విత్తనపు కాయలు పొయ్యి పైన పొగకు వేలాడదీసేది. అనపకాయలు ఎండాక వలిచి, ఆ అనుములు బూడిదలో కలిపి, కుండల్లో అడుగున వేపాకు పరిచి పోసి, మూతికి పేడ మెత్తేది. ఆ కుండలు చీకటి గదిలో వరసగా ఉండేవి. స్నానం చేయకుండా ఆ గదిలోకి ఎవరూ పోకూడదు. అయినా ఒక ఏడాది కుండలు విప్పితే గింజలకు బదులు పిండి రాలింది. పురుగు దాదాపు అంతా తినేసింది. అవ్వ ఆ పిండిని చేతిలో పోసుకుని, మిగిలిన గింజలు ఒక్కొక్కటే ఏరింది.

మా చిన్నాయనకు కొత్త వస్తువంటే పిచ్చి. పత్తి కాలంలో ఆదోనిలో జిన్నింగు మిల్లు పనికి పోయేవాడు. మా ఊరికి మొదట టార్చిలైటు తెచ్చింది ఆయనే. జొన్నకు కాటుక తెగులు రాకుండా విత్తనాలకు పట్టించే పొడి ఏదో అప్పుడు పట్నంలో అమ్మేవాళ్ళు. ఆయన అది తెచ్చి జొన్న విత్తనాలకు పట్టించాడు. మిగిలింది అవ్వ అనుముల మీద చల్లి, కర్రతో కలపడం మొదలుపెట్టాడు. ముక్కులో గుచ్చుకునే వాసన. నేనూ బుడ్డదీ గడపలో నిలబడి తుమ్ముతున్నాం.

"ఏందిరా అది, బూడిద మాదిరుందే?" అంది అవ్వ.

"బూడిద గాదమ్మా, మందు. ఇది పూస్తే పురుగు ఆ పక్కకు రాదు."

"నా బూడిదకేమొచ్చిందంట?"

"నీ బూడిద పోయినేడు ఏం కాపాడింది? పిండే గదా మిగిలింది."

కొడుకు నొప్పించాననుకున్నాడేమో, గొంతు తగ్గించాడు. "ఇవి ఇంక తినేదానికి పనికిరావు మా. కోళ్ళకు గూడా ఎయ్యొద్దు. సెప్తాండా, ఇనబడిందా?"

"ఇత్తనాలు తినే కొంప గాదులేరా మాది," అంది అవ్వ. కుండ మూతికి పేడ మెత్తుతూ, మామూలుగా చేసే నమస్కారం ఆ రోజు చేయలేదు. చేతులకు ఆ వాసన పట్టిందని చాలాసేపు కడుక్కుంది.

ఆ ఏడు తొలకరి చినుకుల తర్వాత వాన రాలేదు. మబ్బు పట్టేది, గాలి లేచేది, ఆలూరు వైపు ఎక్కడో ఉరిమేది, అంతే. చేలల్లో వేసిన జొన్న మొలిచి మాడిపోయింది. ముందు పశువులు అమ్ముకున్నారు. తర్వాత మా నాయనా చిన్నాయనా తుంగభద్ర కాలువ తవ్వకానికి పోయి అక్కడే గుడిసెలు వేసుకున్నారు. మా అమ్మా చిన్నమ్మా రోడ్డు పనికి కంకర కొట్టడానికి పొద్దున పోతే సందెకు వచ్చేవాళ్ళు. పనికాడే వాళ్ళకింత గంజి పోసేవాళ్ళు. మా బడి దగ్గరా గంజి పోసేవాళ్ళు, గిన్నె తీసుకుని నేను పోయేదాన్ని. బడికి పోని బుడ్డదానికి గంజి లేదు. అది అవ్వతో ఇంట్లో ఉండేది.

దొడ్డి మాత్రం చాన్నాళ్ళు పచ్చగా ఉంది. స్నానాలు తగ్గాయి, అంట్లు తగ్గాయి, అయినా ఉన్న నీటితోనే అవ్వ దాన్ని బతికించింది. ఊళ్ళోవాళ్ళు వచ్చి పుంటికూర ఇంత తుంచుకు పోయేవాళ్ళు. ఆకుకూర ఉడకబెట్టి ఉప్పేసుకుని ఎన్నాళ్ళని తింటారు? చివరికి ఆకులూ అయిపోయాయి. బుడ్డది ఆకలికి ఏడవడం మానేసింది. ఏడుపు మానిన పిల్లను ఒక రాత్రంతా అవ్వ ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

ఆ పొద్దున అవ్వ స్నానం చేసి, చీకటి గదిలోకి పోయి, కుండ ముందు కూర్చుంది. మా చిన్నమ్మ పనికి పోబోతూ చూసింది.

"అత్తా, వద్దత్తా. ఆయప్ప మందు పూసినాడు గదా."

"మందయితే ఏమే? కడిగితే పోనిది ఏముంటాది? ఆముదం పట్టించిన కందులు కడుక్కొని తిన్లేదా? వేపాకులో పెట్టిన గింజల చేదు పోలేదా? మా యత్త కాలంలో కరువొస్తే ఇత్తనాలు కడుక్కొని తినే ఈ ఇల్లు బతికింది. బిడ్డను సూడు, ఎముకలు లెక్కబెట్టొచ్చు. నువ్వు పో, నేను సూసుకుంటా."

చిన్నమ్మ తట్ట ఎత్తుకుని పనికి పోయింది. అవ్వ అన్నదాంట్లో అబద్ధం లేదు. మా మెట్ట ఊళ్ళలో విత్తనాల కుండే ఇంటికి ఆఖరి తిండి. దానికి ఒక పద్ధతుంది. ఇంటికి పెద్దది కుండ విప్పి, దణ్ణం పెట్టుకుని, తీసిన దాంట్లో పిడికెడు మళ్ళీ కుండలోనే వేసి, మిగతాది కడగాలి. అవ్వ అన్నీ పద్ధతి ప్రకారమే చేసింది.

ఆ కడగడం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. ఉప్పేసి రుద్దింది. మట్టేసి రుద్దింది. నీళ్ళకు అంత కటకటలో కూడా ఎన్ని నీళ్ళు మార్చిందో! మొదట వచ్చిన బూడిదరంగు నీళ్ళు చిక్కుడు మొదట్లో పోసింది, ఒక్క చుక్క వృథా కాకుండా. చివరి నీళ్ళు బావినీళ్ళలా తేటగా వచ్చాక, పుడిసిలితో తీసుకుని తనే తాగి చూసింది. "ఏం లేదు, కమ్మగుండాయి," అంది మాతో. అప్పుడు పొయ్యి వెలిగించింది.

గుగ్గిళ్ళు ఉడికే వాసనకు బుడ్డది లేచి కూర్చుంది. ఆ రోజు నాకూ పెట్టింది. నిజం చెబుతున్నాను, అంత రుచి నా జీవితంలో మళ్ళీ ఎరగను. బుడ్డది నోటినిండా కుక్కుకుని నవ్వింది. అవ్వ కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత నాకు బడి గంజి ఉంది కదా అని అవ్వ నాకు పెట్టేది కాదు. నేను కుళ్ళుకున్నాను కూడా. రోజూ ఒక దోసెడు తీయడం, కడగడం, ఉడకబెట్టడం, బుడ్డదానికి పెట్టడం. తన వాటా కూడా దానికే వేసేది. "నాకాకలి లేదే, నువ్వు తిను" అని.

ముందు కోళ్ళు తేడా చేశాయి. మిగిలినవే రెండు మూడు. కుండ దగ్గర రాలిన గింజలు ఏరుకు తిన్నాయి. మెడలు వంకర పోయి, తూలుతూ, గోడకు కొట్టుకుంటూ తిరిగేవి. కోళ్ళకు కొక్కెర రోగం వస్తే అచ్చం అలాగే ఉంటుంది. "కొక్కెర తగిలింది, కరువుకు ఇదొకటి," అన్నారు. ఎవరూ ఇంకో ఆలోచన చేయలేదు.

తర్వాత ఒక రోజు బుడ్డది చేతిలో గ్లాసు జారిపోయింది. మరునాడు కూడా. నడిచేటప్పుడు కాళ్ళు ఎడంగా వేసి, ఊగుతూ నడిచేది. సారా తాగినోడి నడకని వీధిలో పిల్లలం నవ్వాం. అదీ నవ్వింది, మాతో పాటు. గడప దాటబోయి గోడకు గుద్దుకుంది. "అక్కా, పొద్దుగూకిందా?" అని నన్నడిగింది. నడినెత్తిన ఎండ.

"బిడ్డకు ఒంట్లో సత్తువ లేదు," అంది అవ్వ. ఎర్రనీళ్ళు దిగదుడిచింది. మెడలో తాయెత్తు కట్టించింది. సత్తువ కోసం గుగ్గిళ్ళు ఇంకొంచెం ఎక్కువ పెట్టింది. దానికి చేత్తో తీసుకోవడం రావడం లేదని మెత్తగా మెదిపి నోట్లో పెట్టేది.

చిన్నాయన కాలువ పని నుంచి వచ్చేసరికి బిడ్డ మాట ముద్ద ముద్దగా వస్తోంది. ఆయన గొంతు విని చేతులు చాచింది గానీ, ఆయన ఉన్న వైపు కాదు. ఎవరిదో బండి కట్టించి ఆదోని ఆసుపత్రికి బయలుదేరాడు. బిడ్డను పట్టుకోవడానికి నన్ను ఎక్కించుకున్నాడు. చిన్నమ్మ జ్వరంతో లేవలేని స్థితిలో ఉంది.

డాక్టరు పెద్దాయన. కళ్ళలో దీపం వేసి చూశాడు, కాళ్ళు వంచి చూశాడు. "ఏం తింటోంది?" అని అడిగాడు.

చిన్నాయనకు తెలియదు. నా వైపు చూశాడు. "అనుముల గుగ్గిళ్ళు," అన్నాను.

"ఏ అనుములే?" అన్నాడు చిన్నాయన. నేను చెప్పకముందే ఆయనకు తెలిసిపోయింది.

"మందు పట్టించిన విత్తనాలు తినిపించినారా?" డాక్టరు గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది.

"మాయమ్మ బాగా కడిగింటాది సామీ. మాయమ్మ ఏదైనా బాగా కడుగుతాది."

"కడిగితే పైపైది పోతాది నాయనా. గింజలోకి దిగింది పోదు. ఉడకబెట్టినా పోదు."

ఇంక చేయగలిగింది పెద్దగా లేదన్నాడు. బండి తిరిగి వస్తుంటే బిడ్డ నా ఒళ్ళో పడుకుని వేళ్ళు గాల్లో ఆడిస్తోంది. సగం దారిలో చిన్నాయన ఎద్దులను ఆపాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు: "పాపా, డాక్టరు సెప్పింది ఇంట్లో సెప్పొద్దు. మాయమ్మకు అసలు సెప్పొద్దు. తెలిస్తే బతకదు. జొరం మెదడుకెక్కిందన్నాడని సెప్పు." నేను తలూపాను. ఆయన చూడలేదు కదా అని, "సెప్పను చిన్నాయనా," అని నోటితో కూడా అన్నాను.

బుడ్డది తొలి వాన దాకా ఉంది. వాన చప్పుడు విని తల అటు తిప్పింది. అదే ఆఖరు.

దాన్ని మట్టి చేసి వచ్చిన కొన్నాళ్ళకు, అందరూ విత్తనం పట్టారు. దుఃఖం దుఃఖమే, వాన వానే. అవ్వ కూడా కొంగు బిగించి చీకటి గదిలోకి పోయింది. కుండలు లేవు. దొడ్డిలోకి పోతే మొక్కలు లేవు. బతికి బట్టకట్టిన చిక్కుడు తీగ కూడా వేళ్ళతో సహా పీకేసి ఉంది. ఆ మొదట్లో మట్టి సైతం గంపలకెత్తి ఊరవతల పారబోసి, కుండలు లోతుగా పూడ్చిపెట్టి, అప్పుడే కాళ్ళు కడుక్కుంటున్నాడు చిన్నాయన.

"నా ఇత్తనాలు యాడరా?"

ఆయన కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూనే ఉన్నాడు.

"నిన్నేరా అడుగుతాండేది! మా యత్త నాకిచ్చిన ఇత్తనాలు అవి. యాడ పెట్టినావు?"

"అమ్మినా," అన్నాడు.

"అమ్మినావా? ఎందుకురా?"

చుట్టుపక్కల వాళ్ళు చేరారు. ఆయన తల ఎత్తలేదు. "తాగినా మా. అమ్ముకొని సారా తాగినా."

మా చిన్నాయన బతుకులో సారా ముట్టి ఎరగడు. అవ్వ దోసెడు మన్ను తీసి ఆయన మీద పోసింది. "బిడ్డ పోయిన ఇంట్లో ఇత్తనాలమ్ముకొని తాగినోడివి, నువ్వు నా కడుపున పుట్టలేదు పోరా," అంది. ఆయన ఆ మన్ను దులుపుకోలేదు. నాకు అరిచి చెప్పాలనిపించింది. ఆయన నన్ను ఒక్క చూపు చూశాడు. ఊరుకున్నాను.

ఆ మాట ఆమె చచ్చేదాకా వదల్లేదు. కాలువలో నీళ్ళొచ్చాయి, చేలు పచ్చబడ్డాయి, మా పెళ్ళిళ్ళయ్యాయి. వచ్చిన చుట్టాలందరికీ "వీడు ఇత్తనాలమ్ముకున్నోడు" అని కొడుకును చూపించి చెప్పేది. ఆయన మంచంలో ఉన్న తల్లికి కాళ్ళు పడుతూ వినేవాడు. దొడ్డి మళ్ళీ లేవలేదు. నేను ఎమ్మిగనూరులో కాపురం నుంచి ఎప్పుడొచ్చినా ఆ నేల బోడిగానే ఉండేది.

అవ్వ పోయినప్పుడు, వచ్చినవాళ్ళంతా వెళ్ళాక చిన్నాయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆయనకూ జుట్టు నెరిసింది.

"పాపా, మాయమ్మకు తెలిసిందంటావా?"

"తెలీదు చిన్నాయనా. ఆమెకేమీ తెలీదు," అన్నాను.

ఆయన ముఖం తేలికపడింది. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు గానీ, ఆ ఒక్కటి నమ్మి పోయాడు.

నాకు మాత్రం ఒకటి గుర్తుంది. బుడ్డది పోయిన నాటి నుంచి అవ్వ పొయ్యి దగ్గరికి పోలేదు. నా బిడ్డలు ఆమె మంచం చుట్టూ చేరి ఆకలవ్వా, ఆకలవ్వా అని గోల పెట్టేవాళ్ళు. ముందున్న పళ్ళెంలో అన్నం ఉన్నా, ముద్ద కలిపి పెట్టేది కాదు. రెండు చేతులూ కొంగు కింద దాచుకుని, "మీయమ్మనడగండప్పా, నా సేత్తో వద్దు," అనేది.